నారి ఎక్కినప్పుడే విల్లు
(అమలాపురంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, ఉపాధ్యాయులకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద మూడు విల్లులు ఉన్నాయి. మూడూ అమెరికాలో 1960లలో, 70ల తొలి సంవత్సరాల్లో కర్మాగారాల్లో తయారైనవి. జింకల వేట కోసం చేసినవి. అక్కడి అటకల మీద, గ్యారేజీ మూలల్లో ఏళ్ల తరబడి పడి ఉండి, మా మేనల్లుడి చేతుల మీదుగా కోనసీమకు చేరాయి. వీటితో వేటాడే ప్రసక్తి లేదు, ఆ సంగతి తరువాత చెబుతాను. అలాగని అద్దాల బీరువాలోనూ పెట్టలేదు. మా కొబ్బరి తోటలో వీటితో బాణాలు వేస్తాను. పాత విల్లులు సేకరించేవారు వేయడానికి పనికివచ్చే విల్లునే తెచ్చుకోవాలి, తెచ్చుకున్నదాన్ని వేస్తూ ఉండాలి అన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే వచ్చాను.

మన వైపు విలువిద్య అనగానే విజయవాడ గుర్తొస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన బొమ్మదేవర ధీరజ్ ఆ ఊరివారే. సురేఖ చేతిలో ఉండేది కాంపౌండ్ విల్లు. దాని రెండు చివర్లా కప్పీలు ఉంటాయి. పూర్తిగా లాగి పట్టుకున్నాక ఆ కప్పీలు బరువును చాలావరకు తగ్గిస్తాయి. ధీరజ్ పట్టేది నా వాటిలాగే రికర్వ్ విల్లు, కానీ దానికి లోహపు పిడి, గురి చూసే సైటు, అదురు తగ్గించే పొడవాటి కడ్డీలు ఉంటాయి. నేను తెచ్చిన వాటికి ఇవేవీ లేవు. చెక్క, గాజు నార, జిగురు, నారి. అంతే.

ఈ ఆకారం మీకు కొత్త కాదు. మన గొల్లల మామిడాడ కోదండరామాలయానికి వెళ్లి వచ్చినవారు, ఇంట్లో గోడ మీద సీతారామ పట్టాభిషేకం పటం ఉన్నవారు దీన్ని చూసే ఉంటారు. పటంలో రాముడి వింటి కొప్పులు, అంటే కొసలు, మనిషి వైపు కాకుండా ముందుకు, శత్రువు వైపుకు తిరిగి ఉంటాయి. రికర్వ్ అంటే అదే. ఆ వంపు అందం కోసం పెట్టింది కాదు.

(వక్త బల్ల మీది విల్లు ఒకటి తీసి, నారి ఎక్కించి చూపారు.)

ఇటు చూడండి. నారి ఎక్కించాక రెండు కొసల దగ్గరా అది లింబు మీద కొంత మేర ఆనుకుని ఉంది. లింబు అంటే పిడికి పైన, కింద వంగే భాగం. ఇప్పుడు నేను నారిని లాగుతున్నాను. ఆనుకున్న చోట నుంచి నారి మెల్లగా పైకి లేస్తోంది, కనబడుతోందా? లాగుతున్నకొద్దీ పనిచేసే నారి పొడవు పెరుగుతోంది, ఆ ముందుకు తిరిగిన కొస ఒక మీటలా తెరుచుకుంటోంది. అందుకే మొదట్లోనే బరువు తగులుతుంది, చివరి అంగుళాల్లో మాత్రం ఒక్కసారిగా బిగుసుకుపోదు. కొసల్లో ఆ వంపు లేని నిటారు విల్లు అలా కాదు, చివరికి వచ్చేసరికి మొండికేస్తుంది. మొదట్లోనే ఎక్కువ శక్తి నిలవ చేసుకోవడం వల్ల, అంతే బరువున్న నిటారు వింటి కన్నా రికర్వ్ బాణాన్ని వేగంగా పంపుతుంది. పొట్టిగా చేసినా పనిచేస్తుంది. పొదల్లో, చెట్ల మధ్య తిరిగే వేటగాడికి పొట్టి విల్లు కావాలి. ఈ మూడింట్లో ఒకటి 52 అంగుళాలే. నిలబెడితే నా ఛాతీ దాకా వస్తుంది.

ఇది అమెరికావాళ్లు కనిపెట్టిన సూత్రం కాదు. తురుష్కుల దగ్గర, మొగలుల దగ్గర వేల సంఖ్యలో ఇలాంటి విల్లులు ఉండేవి. మధ్యలో చెక్క, లోపలి వైపు కొమ్ము, బయటి వైపు జంతువుల స్నాయువు. వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుపోతుంది, కొమ్ము ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. బయటి వైపు సాగుతుంది, స్నాయువు ఆ సాగుడును తట్టుకుంటుంది. అన్నిటినీ పట్టి ఉంచేది జంతువుల నుంచి తీసిన జిగురు. ఆ జిగురుకు తేమ పడదు. మనలాంటి తడి నేలలో కొమ్ము విల్లును కాపాడుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. మన దేశంలో ఉక్కుతో కూడా విల్లులు చేశారు, వెదురు విల్లు ఎప్పుడూ పోలేదు. అలెగ్జాండర్ దండయాత్ర గురించి రాసిన గ్రీకులు భారతీయ కాలిబంటు తన ఎత్తు విల్లును నేలకు ఆనించి, ఎడమ కాలితో అదిమి పట్టి లాగేవాడని రాశారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ కొమ్ముకూ స్నాయువుకూ బదులు ఒకే పదార్థం దొరికింది. ఫైబర్ గ్లాసు. మధ్యలో పలచని మేపుల్ చెక్క పొరలు, రెండు వైపులా గాజు నార పొర, వాటిని పట్టే ఎపాక్సీ జిగురు. తేమకు లొంగదు. ఏళ్లు గడిచినా సత్తువ పోదు. 1950ల నుంచి 1970ల దాకా అమెరికాలో తయారైన వేట విల్లులు ఇప్పటికీ పనికివస్తున్నాయంటే కారణం ఇదే.

ఆ కాలంలో తలచుకోవలసిన మనిషి ఫ్రెడ్ బేర్. 1902లో పెన్సిల్వేనియాలో పుట్టి, బతుకుతెరువుకు డెట్రాయిట్ వెళ్లి, మోటారు కార్ల పరిశ్రమలో నమూనాలు చెక్కే పని చేశాడు. 1927లో ఆర్ట్ యంగ్ అనే విలుకాడు అలాస్కాలో బాణాలతో వేటాడిన సినిమా చూశాడు. అప్పటి నుంచి అదే ధ్యాస. 1933లో సొంత వ్యాపారం మొదలుపెట్టాడు. 1947లో మిషిగన్ రాష్ట్రంలోనే గ్రేలింగ్ అనే చిన్న ఊరికి కర్మాగారాన్ని మార్చాడు. నా బల్ల మీద ఉన్న వాటిలో రెండు ఆ గ్రేలింగ్ కర్మాగారంలో తయారైనవే. 1978లో కంపెనీ ఫ్లోరిడాకు తరలిపోయింది. ఆయన 1988లో కన్నుమూశాడు.

అయితే ఈ కథ మొదలు ఇంకా వెనక ఉంది. దాన్ని చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. ఆర్ట్ యంగ్‌కు వేట స్నేహితుడు సాక్స్టన్ పోప్ అనే వైద్యుడు. పోప్‌కు విల్లు నేర్పింది ఇషీ. కాలిఫోర్నియాలో యాహీ అనే ఆదివాసి తెగ ఉండేది. తెల్లవాళ్ల దాడుల్లో ఆ తెగ అంతా తుడిచిపెట్టుకుపోయింది. చివరికి మిగిలిన ఒక్క మనిషి 1911లో ఆకలితో ఓరోవిల్ ఊరి అంచున కనిపించాడు. ఆయన్ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియంలో ఉంచారు. అక్కడే ఆయన విల్లు చెక్కి చూపాడు, రాతిని పెచ్చులుగా చెక్కి బాణం ములుకులు చేసి చూపాడు, పోప్‌ను వెంటబెట్టుకుని వేటకు వెళ్లాడు. 1916లో క్షయతో చనిపోయాడు. ఆధునిక అమెరికా విల్లు వేట వంశవృక్షం గీస్తే దాని వేళ్లలో ఒకటి ఆ ఒంటరి మనిషి చేతుల్లో ఉంది. ఆయన అసలు పేరు ఏమిటో ఎవరికీ చెప్పలేదు. ఇషీ అంటే వాళ్ల భాషలో మనిషి అని మాత్రమే.

మన గోదావరికి ఎగువన పాపికొండలు దాటి చూస్తే కొండరెడ్లు, కోయలు ఉన్నారు. వెదురు విల్లు వాళ్ల ఇళ్లలో తాతల నాటి నుంచి ఉన్న వస్తువు. మనం డెల్టా వాళ్లం లాంచీ ఎక్కి పేరంటపల్లి దాకా వెళ్లి గుడి చూసి, వెదురు బొంగులో చికెన్ తిని తిరిగి వస్తాం. ఆ విల్లు ఏ వెదురుతో చేశారు, ఏ కాలంలో కొట్టారు, నారి దేనితో వేశారు అని ఒక్క ప్రశ్న అడగం. పాత అమెరికా విల్లుల మీద ప్రేమ పెంచుకున్నవాడిగా నేను కోరేది ఒక్కటే. ఈ హాల్లో ఉన్న ఉపాధ్యాయుల్లో ఎవరైనా ఆ పనివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల అనుమతితో, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. ఆ రాత అవసరం ఇప్పుడు చాలా ఉంది.

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ విల్లులు అటకెక్కడానికి కారణం కాంపౌండ్ విల్లు. హాలెస్ విల్బర్ అలెన్ అనే ఆయనకు 1969లో దాని మీద పేటెంటు వచ్చింది. పది పదిహేనేళ్లలో అమెరికా వేటగాళ్లలో ఎక్కువమంది అటు మారిపోయారు. బేర్, బెన్ పియర్సన్, వింగ్, రూట్, షేక్స్‌పియర్, డేమన్ హోవట్ వంటి పేర్లతో వచ్చిన రికర్వులు మూలన పడ్డాయి. ఇప్పుడు అవి పాత సామాన్ల అమ్మకాల్లో బయటికి వస్తున్నాయి. అరుదైన రకాలకు సేకరణదారులు పెద్ద ధరలు పెడతారు. కానీ వేయడానికి చక్కగా పనికివచ్చే మామూలు విల్లు కొత్త కాంపౌండ్ ధరలో చిన్న భాగానికే దొరుకుతుంది. మన ఇళ్లలో అమెరికాలో ఒకరైనా లేని ఇల్లు తక్కువ కాబట్టి తెప్పించుకోవడం పెద్ద కష్టం కాదు. ప్లాస్టిక్ నీటి పైపు ముక్కలో పెట్టి, రెండు వైపులా మూత బిగించి, విమానంలో చెక్-ఇన్ సామానుతో పంపమనండి. లింబులు ఊడదీసుకునే రకాలైతే పెట్టెలోనే పట్టేస్తాయి.

కొనే ముందు ఏమి చూడాలో మాత్రం వివరంగా చెప్పాలి. ఫొటోలు చూసి డబ్బు పంపేవారికి ఇదే ముఖ్యం.

మొదట మెలిక. నారి ఎక్కించిన వింటిని ఒక కొప్పు దగ్గర నుంచి, తుపాకీ గొట్టం వెంట చూసినట్టు, కన్ను ఆనించి చూడాలి. నారి లింబు మధ్యగా సాగి, కొస గాడిలో నిటారుగా కూర్చోవాలి. పక్కకు జారుతోందంటే లింబు మెలి తిరిగిందన్నమాట. గోడ మూలకు ఏళ్ల తరబడి ఆనించి పెట్టినా, నారి ఎక్కించేటప్పుడు కాళ్ల మధ్య ఇరికించి వంచినా మెలిక వస్తుంది. అమ్మేవాళ్లను ఈ కోణంలో ఫొటో అడగండి. ఇవ్వకపోతే కొనకండి. కొద్దిపాటి మెలికను అనుభవం ఉన్నవారు నిదానంగా సరిచేయగలరు, ఎక్కువగా ఉంటే అది ఇక గోడకే పనికివస్తుంది.

రెండోది పగుళ్లు. గాజు పొర మీద సన్నని వెంట్రుకల్లాంటి గీతలు కనబడతాయి. అవి లింబు పొడవునా సాగుతూ, గోరు పెట్టి గీరితే తగలకుండా ఉంటే సాధారణంగా భయం లేదు. పాత వాటిలో చాలావాటికి ఉంటాయి. అడ్డంగా ఉన్న గీత ప్రమాదం. పిడి నుంచి లింబు మొదలయ్యే చోట అడ్డ పగులు ఉంటే ఆ విల్లును ముట్టవద్దు. మరో పరీక్ష, దూది ఉండ ఒకటి తీసుకుని లింబు అంచుల వెంట మెల్లగా రాయండి. గాజు నార లేచిన చోట దూది పోగులు చిక్కుకుంటాయి. వేలితో మాత్రం చూడవద్దు, ఆ నార చర్మంలో దిగితే తీయడం చాలా కష్టం.

మూడోది పొరలు విడిపోవడం. లింబును పక్క నుంచి వెలుతురుకు పట్టి చూస్తే చెక్క పొరలు, గాజు పొరలు సన్నని గీతల్లా వరసగా కనబడతాయి. ఎక్కడైనా కాగితం అంచు దూరేంత సందు ఉంటే పొర లేచినట్టే. నారి ఎక్కించగానే చప్పుడుతో ఊడిపోతుంది.

సైటు బిగించడానికి పాత యజమాని మేకు రంధ్రాలు పెట్టి ఉంటే ధర తగ్గుతుంది, వేయడానికి అడ్డం కాదు. వార్నిషు మాసిపోయి ఉంటే అలాగే ఉండనివ్వండి. మెరిపించాలని ఉప్పు కాగితం పెట్టి రుద్దితే గుర్తులు చెరిగిపోతాయి, గాజు పొర పలచబడుతుంది. ఆ మచ్చలు, గీతలు వింటి చరిత్రే.

ఇక ఈ విల్లు చూడండి.

(ముదురు ఆకుపచ్చ లింబుల విల్లును చేతిలోకి తీసుకున్నారు.)

బేర్ గ్రిజ్లీ, 58 అంగుళాలు. పిడి మీద చిన్న గుండ్రటి లోహపు బిళ్ల ఉంది, వేలితో తడిమితే చెక్కతో సమానంగా నున్నగా తగులుతుంది. తరువాతి కాలంలో బిళ్ల పైకి ఉబ్బి ఉంటుంది. అది 1970ల మొదట్లో వచ్చిన మార్పు, కాబట్టి ఇది అంతకు ముందుది. కింది లింబు మీద చేత్తో రాసిన అంకెలు ఉన్నాయి. 45 అన్నది లాగుడు బరువు పౌన్లలో. ఆ పక్కన కెనడా, 1953 అని ఉంది. ఇది చూసి చాలామంది 1953లో తయారైన విల్లు అనుకుని ఎక్కువ ధర పెడతారు. అది పేటెంటు సంవత్సరం, ఆ తరువాత చాలా ఏళ్ల పాటు విల్లుల మీద అలాగే వేశారు. పిడి పట్టు చూడండి, బొటనవేలు, చూపుడు వేలు కలిసే చోట లోతుగా తీశారు. అరచేతికి అతుక్కున్నట్టు ఉంటుంది. దానిపైన బాణం ఆనే అరుగు. అది చదునుగా లేదు, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంది. అందువల్ల బాణం ఒకే చోట తాకుతుంది, ఈకలు ఒరుసుకోవు. వందలాది విల్లులు ఒకే రోజు వెళ్లే కర్మాగారంలో కూడా ఈ ఉబ్బును ఒక మనిషి చేత్తో ఆకురాయి పెట్టి తీర్చాడు. దగ్గరగా చూస్తే ఆ గీతలు ఇంకా ఉన్నాయి. ఇది గోడ మీద ఉంటే ఎవరికీ కనబడదు. బాణం అక్కడి నుంచి వెళ్లినప్పుడే ఆ పనితనం విలువ తెలుస్తుంది.

కొత్తగా వచ్చిన పాత విల్లును వెంటనే పూర్తిగా లాగకూడదు. నారి ఎక్కించి కొన్ని గంటలు అలాగే ఉంచాలి. చెవి దగ్గర పెట్టి వినాలి, టిక్కుమన్న చప్పుడు వస్తోందా అని. తరువాత మూడు నాలుగు అంగుళాలు లాగి వదలకుండా మెల్లగా వెనక్కి తేవాలి. అలా అంగుళం అంగుళం పెంచుకుంటూ పోవాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, ఎదుట ఎవరూ ఉండకూడదు. బాణం లేకుండా నారిని వదలడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఈ మాట మూడుసార్లు చెప్పినా తక్కువే. బాణం తీసుకుపోవలసిన శక్తి అంతా లింబులోకే తిరిగి వస్తుంది, అరవై ఏళ్ల జిగురు ఆ దెబ్బకు విడిపోవచ్చు. అతి తేలికైన బాణం వేసినా దాదాపు అదే హాని. పౌనుకు తొమ్మిది పది గ్రెయిన్ల చొప్పున బాణం బరువు ఉండాలని నేను పాటిస్తాను. ఈ 45 పౌన్ల వింటికి 450 గ్రెయిన్లు, అంటే సుమారు 29 గ్రాములు.

నారి సంగతి కూడా అంతే ముఖ్యం. ఇప్పుడు దొరికే కొత్త రకం దారాలు అసలు సాగవు, బాణం వేగంగా వెళ్తుంది. కానీ ఆ అదురంతా వింటి కొప్పుకు తగులుతుంది. పాత విల్లుల కొప్పులను ఆ దారం కోసం బలపరచలేదు. గాడి పగులుతుంది. వీటికి డేక్రాన్ అనే దారంతో చేసిన నారి కావాలి. అది కొంచెం సాగుతుంది, దెబ్బను మింగుతుంది. వింటి మీద రాసిన పొడవు కన్నా నారి మూడు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉండాలి. ఎక్కించాక పిడికీ నారికీ మధ్య దూరం ఏడున్నర, ఎనిమిది అంగుళాలు వచ్చేలా నారిని మెలి వేసి సరిచూసుకోవాలి. చప్పుడు ఎక్కడ తగ్గుతుందో అక్కడ ఆపాలి, వింటికి వింటికి అది కాస్త మారుతుంది. ఎక్కించడానికి రెండు చివర్లా తోలు గుల్లలున్న తాడు వాడండి, నేను ఇందాక వాడింది అదే. విల్లు మెలి తిరగదు, జారి ముఖానికి తగలదు.

మన వాతావరణం గురించి చాలామంది అడుగుతారు, ఈ తేమకు పాడవదా అని. గాజు నారకూ ఎపాక్సీకీ తేమ వల్ల వచ్చే భయం తక్కువ. భయమంతా ఎండతో. రోహిణీ కార్తెలో తలుపులు మూసిన కారులో విల్లు వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది, లింబు ఆకారం మారుతుంది. రేకుల షెడ్డులో, అటక మీద కూడా పెట్టవద్దు. నీడ ఉన్న గోడకు రెండు చెక్క మేకులు కొట్టి, నారి దించి, అడ్డంగా వేలాడదీయండి. రెక్సిన్ సంచిలో ముసుగు వేసి ఉంచితే వానాకాలంలో పిడి తోలుకు, నారికి బూజు పడుతుంది. వార్నిషు పోయిన చోట కాస్త మైనం రాయండి. ఇంతకు మించి ఏమీ అక్కరలేదు.

ఇప్పుడు వేట మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో వన్యప్రాణుల వేట నేరం. ఫ్రెడ్ బేర్ 1960లలో మన దేశానికి వచ్చి పులిని బాణంతో వేటాడాడు. ఆయన పనితనం మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఆ రోజులు పోయినందుకు నాకు విచారం లేదు. కొల్లేటి కొంగ అయినా, కోరింగ మడ అడవుల్లోని నీటిపిల్లి అయినా, గట్టు మీది ఉడుము అయినా మన బాణానికి లక్ష్యం కాకూడదు. వేట విల్లు అన్నది దాని తయారీ ఉద్దేశానికి పేరు, మనకు అనుమతి కాదు. అందుకే నేను పదునైన వేట ములుకులు తెప్పించుకోలేదు, ఇంట్లో ఉంచను కూడా. మొద్దు కొన ఉన్న సాధన ములుకులే వాడతాను.

లక్ష్యానికి మన దగ్గర ఉన్నంత మంచి సామాను ఎక్కడా లేదు. యూరపులో విలువిద్య లక్ష్యాలను గడ్డి పేనిన తాళ్లను చుట్టలుగా చుట్టి కుట్టి చేసేవారు. మనకు వరిగడ్డి ఉంది, కొబ్బరి తాడు ఉంది. సార్వా కోతల తరువాత గడ్డిమేటు వేసేటప్పుడే పొడుగాటి గడ్డి ఏరి పెట్టుకుని, పిడికెడు లావు పేటుగా పేని, చుట్ట చుట్టి, కొబ్బరి తాడుతో ఎంత బిగించగలిగితే అంత బిగించండి. బాణం చొచ్చుకుపోయి ఆగుతుంది, చేత్తో లాగితే వచ్చేస్తుంది. వెనక మట్టి కట్ట తప్పనిసరి. కాలువ గట్టును వెనక కట్టగా వాడుకోవద్దు, దాని మీద ఎప్పుడు ఎవరు సైకిలు మీద వస్తారో తెలియదు. కొబ్బరి చెట్లకు గురిపెట్టడం కూడా తప్పు. మానుకు గాయమైతే ఎర్రముక్కు పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. సరదాకు వేసిన బాణం కాసే చెట్టును తీసేస్తుంది.

బాణానికి ప్లాస్టిక్ రెక్కలు వద్దు. అరుగు మీద నుంచి నేరుగా వేసేటప్పుడు ప్లాస్టిక్ తగిలి బాణాన్ని పక్కకు తోస్తుంది. ఈక అయితే ఒదిగిపోతుంది. టర్కీ కోడి ఈకలు, మూడూ ఒకే వైపు రెక్కవి. బాణం బిగువు కూడా వింటి బరువుకు సరిపోవాలి. నారి వదలగానే బాణం నిటారుగా పోదు, చేపలా వంకర తిరుగుతూ పిడిని తప్పించుకుని ముందుకు పోతుంది. మరీ గట్టి బాణమైతే వంగక పిడిని కొడుతుంది, మరీ మెత్తనిదైతే అదుపు తప్పుతుంది.

వేసే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను, కాసేపట్లో మీరే వేస్తారు కాబట్టి. కావ్యాల్లో ఆకర్ణాంతం, అంటే చెవి దాకా, లాగారు అని చదువుతాం. ఈ పొట్టి విల్లును పెదవి చివర దాకా లాగితే చాలు. మధ్యవేలి కొన ప్రతిసారీ అదే చోట తగలాలి. విల్లును కొద్దిగా కుడివైపుకు వంచండి, బాణం అరుగు మీద నిలుస్తుంది, చూపుకు దారి దొరుకుతుంది. సైటు లేదు కాబట్టి బాణం కొన వైపు చూడకండి, గడ్డి మీద ఒక్క పరక ఎంచుకుని దాన్నే చూడండి. చేయి నెమ్మదిగా నేర్చుకుంటుంది. పదిహేను మీటర్లు చాలు. వీపు కండరాలతో లాగండి, భుజంతో కాదు. వదిలాక ఎడమ చేయి దించకండి, బాణం తగిలేదాకా అలాగే ఉంచండి.

(వెనక వరుస నుంచి ఒక విద్యార్థిని: "మొదటిసారి కొనేవాళ్లు ఎంత బరువుది తీసుకోవాలండీ?")

మంచి ప్రశ్న అమ్మా. పాత వేట విల్లులు ఎక్కువగా 40 నుంచి 55 పౌన్ల మధ్య దొరుకుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది ఎక్కువ. నీలాంటివారు 20, 25 పౌన్ల సాధన వింటితో మొదలుపెట్టాలి. బరువు విల్లుతో మొదలుపెడితే చేయి వణుకుతుంది, పెదవి దాకా రాకముందే వదిలేస్తావు, ఆ అలవాటు తరువాత పోదు. ఇంకొకటి, వింటి మీద రాసిన బరువు 28 అంగుళాలు లాగినప్పటిది. నీ చేతులకు 25, 26 అంగుళాలే వస్తాయి. అంగుళానికి రెండు మూడు పౌన్లు తగ్గుతుంది. 45 అని రాసినది నీ చేతిలో 40 దగ్గరికి గానీ, అంతకన్నా తక్కువకు గానీ దిగుతుంది. అది కూడా మొదట్లో వద్దు. ఏడాది సాధన చేశాక 35 రాసిన పాత విల్లు ఒకటి చూసుకో. తక్కువ బరువు విల్లులను సేకరణదారులు అంతగా పట్టించుకోరు, వాటిని ఎవరూ మితిమీరి వాడి ఉండరు కూడా. నా లెక్కలో కొనవలసినవి అవే.

(మరొకరు: "మూడో విల్లు సంగతి చెప్పలేదు మాస్టారూ.")

ఇది బెన్ పియర్సన్. అర్కాన్సా రాష్ట్రం పైన్ బ్లఫ్‌లో చేసినది. విల్లును, బాణాన్ని మామూలు జనానికి అందే ధరలో పెద్ద ఎత్తున తయారు చేసిన ఘనత ఆయనది. దీని పై లింబులో నేను చెప్పిన పొడవాటి సన్న గీతలు ఉన్నాయి. గోరుకు తగలవు. దగ్గరికి వచ్చి చూడండి, అడ్డ పగులుకూ దీనికీ తేడా ఒకసారి కంటితో చూస్తే మరచిపోరు. దీన్ని కూడా వేస్తున్నాను.

గ్రంథాలయం వెనక ఖాళీ స్థలంలో గడ్డి లక్ష్యం, దాని వెనక ఇసుక బస్తాల కట్ట సిద్ధంగా ఉన్నాయి. పిల్లల కోసం 20 పౌన్ల సాధన విల్లులు రెండు తెచ్చాను, మొదట అవే. పెద్దలు గ్రిజ్లీ వేయవచ్చు, ఒక్కొక్కరు మూడు బాణాలు. నేలమీద తెల్ల ముగ్గు గీత గీశాం. వేసేవారు తప్ప అందరూ దాని వెనకే ఉండాలి, అందరి బాణాలు అయ్యాక నేను చెప్పినప్పుడే ఏరడానికి వెళ్లాలి. చేతికి గడియారం, పొడుగు చేతుల వదులు చొక్కా ఉన్నవారు ఎడమ చేతిని సర్దుకోండి, నారి తగులుతుంది. రండి, వెలుతురు ఉండగానే మొదలుపెడదాం.